వానాకాలం దాటిన బెల్లం

 

మా అనకాపల్లిలో ఏడాది ఒక్క రోజులో మారదు. ఉగాది తెలుగువాళ్ళందరిదీ. దానికి ముందురోజు వచ్చే కొత్త అమావాస్య మాత్రం మా నూకాలమ్మ తల్లిది. ఆ రోజు తెల్లవారకముందే గుడి దారులన్నీ నిండిపోతాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లా పాపలతో జనం వస్తారు. పాత మొక్కులు తీర్చుకుంటారు, కొత్త మొక్కులు మొక్కుకుంటారు. పాత ఏడాది బాకీ తల్లి దగ్గర చెల్లించుకున్నాకనే కొత్త ఏడాది పచ్చడి నోట్లో పెట్టుకోవడం మా ఊరి అలవాటు.

లెక్కలకు కూడా మాకు అదే గడువు. బెల్లం దిగి, తూకం పడి, బేరం తెగే కొట్టును మా ఊళ్ళో కొలగారం అంటారు. అలాంటి ఒక కొలగారంలో ముప్పై ఎనిమిదేళ్ళు గుమస్తాగా పనిచేశాను. చిట్టా రాశాను, ఆవర్జా రాశాను. పని మానేశాక రాయడానికి బెల్లం లెక్క లేదు కానీ చేతికి అలవాటు పోలేదు. అందుకని ఒక పొడుగాటి పుస్తకం కొనుక్కుని, కొత్త అమావాస్య నుంచి కొత్త అమావాస్య దాకా నేను చూసిన సినిమాలు, విన్న పాటలు, చదివిన పుస్తకాలు అందులో పద్దులుగా రాసుకోవడం మొదలుపెట్టాను. మా ఆవిడ మొదట్లో, "ఏటండీ అది, అన్నేసి పేజీలు! ఎవరికి చూపించాలి?" అనేది. ఇప్పుడు తనే, "ఆ పాట రాసుకున్నారా?" అని గుర్తుచేస్తోంది.

పుస్తకానికి ఒక నియమం పెట్టుకున్నాను. చూసిన రోజే ఎడమ పేజీలో రాస్తాను: తేదీ, పేరు, ఎలా అనిపించింది. కుడి పేజీ ఏడాదంతా ఖాళీగా ఉంచుతాను. కొత్త అమావాస్య ముందు రాత్రి, పుస్తకం వెనక్కి తిప్పి చూడకుండా, మనసులో ఏవి మిగిలాయో అవి మాత్రం కుడివైపు రాస్తాను. తర్వాతే రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను.

ఈ నియమం నాకు బెల్లమే నేర్పింది. అనకాపల్లి మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. అక్కడ దిమ్మను చూడగానే పలికేది రంగు. మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని ధర కట్టేది ఎక్కువగా ఆ రంగును బట్టే. అందుకే రంగు తేలడానికి పాకంలో మందు కలిపిన కాలం చూశాను, అది వద్దని శాస్త్రవేత్తలు పదే పదే చెప్పిన మాటా విన్నాను. కానీ బెల్లానికి అసలు పరీక్ష మార్కెట్‌లో జరగదు, వానాకాలంలో ఇంటి అటక మీద జరుగుతుంది. గాలిలో తేమ పెరిగితే పాకం కుదరని బెల్లం చెమర్చి, నీరుకారి, కుండ అడుగుకి చేరుతుంది. పాకం కుదిరిన బెల్లం రంగు కొంచెం మారినా గట్టిగా నిలబడుతుంది. సినిమా అయినా పాటైనా పుస్తకమైనా అంతే. చూసిన పూట ఉండేది రంగు. ఎడమ పేజీ రంగుది. కుడి పేజీ నిలవది.

క్రోధి సంవత్సరంలో, అంటే 2024 ఏప్రిల్ 9 నుంచి 2025 మార్చి 29 దాకా, నా ఎడమ పేజీల్లో 114 పద్దులు పడ్డాయి. కుడివైపు మిగిలినవి ఏడు. ఆ ఏడింటి గురించీ, ఇంకా వాన చూడని రెండు కొత్త దిమ్మల గురించీ ఇవాళ మీతో చెప్పాలని ఉంది.

మొదటిది పత్రిక. 2024 జూన్ 8న రామోజీరావు గారు కన్నుమూశారు. ఆయన పెట్టిన 'ఈనాడు' 1974 ఆగస్టు 10న మన విశాఖపట్నంలోనే పుట్టింది. అంటే ఆయన పోయిన రెండు నెలలకు ఆ పత్రికకు సరిగ్గా యాభై ఏళ్ళు నిండాయి. పత్రిక పుట్టేనాటికి నేను కుర్రాణ్ణి. అంతకుముందు తెలుగు దినపత్రికలు విజయవాడలో అచ్చయి రైల్లో వచ్చి, మధ్యాహ్నానికి మా చేతికి అందేవి. తెల్లారేసరికి గుమ్మంలో పత్రిక ఉండడం మా ప్రాంతానికి అప్పుడే అలవాటైంది. కొలగారంలో చేరాక ఉదయం బళ్ళు దిగేలోపల కలాసీలు చుట్టూ కూర్చుంటే పైకి చదివేవాణ్ణి. చదువు రానివాళ్ళే ఎక్కువ ప్రశ్నలు అడిగేవాళ్ళు. వాళ్ళకు జవాబు చెప్పడానికే నేను రెండోసారి జాగ్రత్తగా చదివేవాణ్ణి. ఆగస్టులో ఆ యాభై ఏళ్ళ సంగతి చదువుతుంటే ఆ గొంతులన్నీ గుర్తొచ్చాయి. మా వీధి చివర ఒక పెద్దాయనకు చూపు మందగించింది. మర్నాటి నుంచి ఉదయం ఏడింటికి వెళ్ళి ఆయనకు పత్రిక చదివి వినిపిస్తున్నాను. ఏడు నెలలుగా ఒక్క రోజు మానలేదు. ఎడమ పేజీలో "యాభై ఏళ్ళు" అని రెండే మాటలున్నాయి. కుడి పేజీలో అది మొట్టమొదటి పద్దు అయింది.

రెండోది 'కల్కి 2898 ఏడీ'. జూన్ 27న విడుదలైంది. నాలుగో తరగతి చదివే మా మనవడు పట్టుబడితే వెళ్ళాను. ఆ రోజు ఎడమ పేజీ నిండా రాశాను: యంత్రాలు, యుద్ధాలు, వింత నగరం. అమావాస్య ముందు రాత్రి నాకు వాటిలో ఏ ఒక్కటీ గుర్తు రాలేదు. గుర్తొచ్చింది అశ్వత్థామ. అమితాబ్ బచ్చన్ గారు ఆ వేషంలో నిలబడిన తీరు, చావు రాని ముసలితనపు బరువు. హాలు నుంచి వస్తుంటే మనవడు అడిగాడు: "తాతా, ఆయన నిజంగా ఇంకా బతికే ఉన్నాడా? ఏం తప్పు చేశాడు?" నాకు తెలిసిన నాలుగు ముక్కలూ చెప్పాను, వాడికి సరిపోలేదు. గ్రంథాలయం నుంచి తిక్కన గారి సౌప్తిక పర్వం తెచ్చుకుని కూర్చున్నాను. నిద్రపోతున్న ఉపపాండవులను చంపిన రాత్రి, తల్లి ద్రౌపది దుఃఖం, కృష్ణుడి శాపం. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఆ రక్తపాతం ఎలా చెప్పాలి? రోజుకి కొంచెం చొప్పున, వాడు తట్టుకున్నంత మేర చెప్పుకుంటూ వచ్చాను. వెనక్కి వెళ్ళి ద్రోణుడి కథ చెప్పాల్సి వచ్చింది, ఇంకా వెనక్కి వెళ్ళి ద్రుపదుడి కథ చెప్పాల్సి వచ్చింది. ఆషాఢంలో మొదలెట్టిన కథ కార్తికానికి గాని ముగియలేదు. మూడు గంటల సినిమా మా ఇంట్లో నాలుగు నెలల భారతం అయింది. దర్శకుడు నాగ్ అశ్విన్ గారికి నా కృతజ్ఞత.

మూడోది '35 చిన్న కథ కాదు'. సెప్టెంబరు 6న వచ్చింది. నందకిశోర్ ఈమాని గారి దర్శకత్వం. తిరుపతిలో ఒక ఇల్లు. పెద్దకొడుక్కి లెక్కలు రావు. రాకపోవడానికి వాడి దగ్గర గట్టి కారణం ఉంది: విలువే లేని సున్నా ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుందో వాడికి ఎవరూ చెప్పలేకపోయారు. పదో తరగతి తప్పిన తల్లి కొడుకు కోసం లెక్కలు నేర్చుకుంటుంది. ఆ తల్లిగా నివేదా థామస్ గారి నటన చూస్తుంటే, పక్కన కూర్చున్న మా ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తనదీ ఎనిమిదితో ఆగిన చదువు.

జీవితమంతా అంకెలు రాసి బతికినవాణ్ణి. సున్నా ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. ఇంటికొచ్చి పాత ఆవర్జా పుస్తకం ఒకటి దించి మనవరాలికి చూపించాను. బస్తాల లెక్కలో ఒక సున్నా పడకపోతే రైతుకి ఎంత నష్టమో చూపించాను. సున్నా తనకంటూ ఏమీ అడగదు, పక్కనున్న అంకెను దాని చోట నిలబెడుతుంది, అదే దాని పని అన్నాను. మనవరాలు కొంచెంసేపు ఆలోచించి, "అయితే నానమ్మలాగా" అంది. మా ఆవిడ వంటింట్లోంచి ఆ మాట వింది. ఆ తర్వాత నెల రోజుల పాటు సాయంత్రాలు పిల్లలతో పాటు తనూ పలక పట్టుకుని కూర్చుంది. భిన్నాలు నేర్చుకుంది. ఏడాది మొత్తంలో ఒకే ఒక్క సినిమా పేరు చెప్పమంటే నేను చెప్పేది ఈ పేరే.

నాలుగోది కూడా ఆ నెలలోనిదే. సెప్టెంబరు వానలకు ఒక రాత్రి కరెంటు పోయింది. ఫోన్లన్నీ చల్లబడిపోయాయి. మా ఇంట్లో బ్యాటరీలతో పాడే పాత ట్రాన్సిస్టర్ ఉంది. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963 ఆగస్టు 4న మొదలైంది. నాకు అప్పటికి ఆరేళ్ళు. ఆ గొంతుతోనే పెరిగాను. ఆ రాత్రి అరుగు మీద ట్రాన్సిస్టర్ పెడితే, వీధిలో నలుగురు చేరారు. 'సిరివెన్నెల' సినిమా పాట వచ్చింది. కె.విశ్వనాథ్ గారు 1986లో తీసిన సినిమా. కళ్ళు లేని వేణువాద్యకారుడి కథ. మహదేవన్ గారి సంగీతం, పండిత హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువు, కొత్తగా పరిచయమైన ఒక కవి సాహిత్యం. ఆ సినిమా పేరే ఆ కవికి ఇంటిపేరయింది. ఒకప్పుడు ఆదివారాలు సినిమాల సంక్షిప్త శబ్దచిత్రాలు విన్నవాళ్ళం కాబట్టి బొమ్మ లేకుండా సినిమా చూడడం మా తరానికి తెలుసు. చీకట్లో కూర్చుని, చూపు లేనివాడి పాట వింటుంటే, చూడడానికి ఏదీ లేకపోవడం లోటు అనిపించలేదు.

టీ కొట్టు కుర్రాడొకడు అడిగాడు: "ఈ పాట రాసినాయన మన ఊరోడేనంట కదా, నిజమేనా బాబాయ్?" నిజమే నాయనా. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు 1955లో మధ్యప్రదేశ్‌లోని శివనిలో పుట్టినా, పెరిగింది, పదో తరగతి దాకా చదివింది మన అనకాపల్లిలోనే. సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేశారు. 2019లో పద్మశ్రీ వచ్చింది. 2021 నవంబరు 30న వెళ్ళిపోయారు. ఇవన్నీ చెప్పాక ఆ కుర్రాడు, "అయితే మన వీధుల్లో తిరిగినోడే" అని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. మర్నాటి నుంచి ఆ టీ కొట్టులో రోజుకొకటైనా ఆయన పాట వినిపిస్తోంది. కుర్రాడు మాట మాటకీ అర్థం అడుగుతున్నాడు. కొన్నిటికి నేను కూడా నిఘంటువు చూడాల్సి వస్తోంది. ఆ వెతుకులాట వల్ల, పాతికేళ్ళుగా నోటికొచ్చిన పాటలు కొన్ని నాకు ఇప్పుడే మొదటిసారి అర్థమయ్యాయి.

ఐదోది 'మిస్సమ్మ'. 2024 సెప్టెంబరు 20కి అక్కినేని నాగేశ్వరరావు గారు పుట్టి నూరేళ్ళు. ఆయన పాత చిత్రాలు ఆ సందర్భంగా దేశంలో ఎన్నో ఊళ్ళలో మళ్ళీ పెద్ద తెర ఎక్కాయి. నాకు వెళ్ళడం కుదరలేదు. ఇంట్లోనే 'మిస్సమ్మ' పెట్టుకున్నాం. 1955 జనవరి 12న విడుదలైన సినిమా అది. 2025 సంక్రాంతికి డెబ్భై ఏళ్ళు. ఉద్యోగాలు లేని ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, మతాలు వేరైనా భార్యాభర్తలమని చెప్పి పంతులు ఉద్యోగంలో చేరడం ఆ కథ. అందులో నాగేశ్వరరావు గారిది నాయకుడి వేషం కాదు, డిటెక్టివ్ సరదా ఉన్న మేనల్లుడి వేషం. అప్పటికే 'దేవదాసు'తో ఆకాశమంత పేరు వచ్చిన నటుడు ఆ చిన్న వేషం ఒప్పుకుని అంత హాయిగా ఎలా చేశారో ఈసారి శ్రద్ధగా చూశాను. సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారిది. సాలూరు దగ్గర శివరామపురం ఆయనది, మా ఉత్తరాంధ్ర మనిషి.

ఈ సినిమా నేను మొదట చూసింది కొలగారంలో కాటా దగ్గర పనిచేసే ఒక స్నేహితుడితో, మ్యాట్నీకి. చిన్న మాట పట్టింపుతో నాలుగేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు. సినిమా అయ్యాక ఫోన్ చేశాను. "మిస్సమ్మ చూశానురా" అన్నాను. అటు నుంచి కొంచెంసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, "అయితే రేపు కాఫీకి రా" అన్నాడు. పట్టింపు ఎక్కడ మొదలైందో ఇద్దరిలో ఎవరికీ గుర్తు లేదు.

ఆరోది 'మంథన్'. శ్యామ్ బెనెగళ్ గారు డిసెంబరు 23న ముంబైలో పోయారు. సికిందరాబాద్ తిరుమలగిరిలో పుట్టిన మనిషి. ఆయన 'అంకుర్' తెలంగాణ పల్లెను దేశానికి చూపించింది. 1978లో తెలుగులో 'అనుగ్రహం' తీశారు. ఆయన పోయిన వారంలో 'మంథన్' చూశాను. 1976 నాటి ఆ సినిమాకు పెట్టుబడి పెట్టింది గుజరాత్ పాడి రైతులు. ఐదు లక్షల మంది, తలా రెండు రూపాయలు. పాల సహకార సంఘం ఎలా నిలబడిందన్నది కథ. ఆ చిత్రాన్ని బాగుచేసి 2024 మే నెలలో కాన్ చిత్రోత్సవంలో మళ్ళీ ప్రదర్శించారు.

చెరకు ప్రాంతం మనిషికి ఈ సినిమా వేరే రకంగా తగులుతుంది. మా ఊరి పక్కనే తుమ్మపాలలో సహకార చక్కెర కర్మాగారం ఉంది. ఒకప్పుడు క్రషింగ్ రోజుల్లో ఎడ్లబళ్ళు బారులు తీరేవి. రసం వాసన ఊరి మీదకి వచ్చేది. ఇప్పుడు క్రషింగ్ లేదు. సినిమా చూసిన మర్నాడు సైకిల్ మీద అక్కడిదాకా వెళ్ళాను. గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. దారిలో ఒక రైతు ఇంట్లో వాళ్ళ నాన్నగారి పేరున ఉన్న పాత వాటా పత్రం చూపించారు. అంచులు నలిగిపోకుండా కవర్లో పెట్టి దాచుకున్నారు. "డబ్బు కోసం కాదండి, మా నాన్న సంతకం ఉంది" అన్నారాయన. రెండు రూపాయలతో గుజరాత్ రైతు సినిమా తీయగలిగాడు. మా రైతు వాటా ధనంతో మిల్లు కట్టగలిగాడు. అలా కట్టిన చేతుల కథను మనమూ రాసుకోవాలి, చెప్పుకోవాలి. తెలిసినవాళ్ళు ఉండగానే ఆ పని జరగాలి. నేను మొదలుపెట్టాను. ఇప్పటికి నలుగురు పాత రైతుల మాటలు నా పుస్తకంలో ఉన్నాయి.

ఏడోది ఒక గొంతు. ఇది ఎడమ పేజీలో ఒక్కసారి కూడా లేదు. రోజూ విన్నదాన్ని ఎవరం రాసుకుంటాం? తెల్లవారుజామున రేడియోలో భక్తిరంజని వస్తుంటే కాఫీ కలపడం మా ఇంటి ఆచారం. అన్నమయ్య కీర్తన అంటే మా చెవికి గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారి గొంతే. 2025 మార్చి 9న తిరుపతిలో ఆయన పోయారన్న వార్త విని మా ఆవిడ పొయ్యి కట్టేసి కూర్చుండిపోయింది. అన్నమయ్య 15వ శతాబ్దం వాడు. ఆయన పాటలు రాగిరేకుల మీద తిరుమలలో శతాబ్దాల పాటు నిద్రపోయాయి. సాహిత్యం దొరికింది గానీ, చాలావాటికి పాడే బాణీ దొరకలేదు. తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టులో పనిచేస్తూ బాలకృష్ణప్రసాద్ గారు 600కు పైగా కీర్తనలకు స్వరాలు కట్టారు. మనం తాతముత్తాతల నాటి బాణీలనుకుని పాడుకునేవాటిలో ఎన్నో మన కళ్ళముందు బతికిన ఒక మనిషి కట్టినవి. మా ఆవిడ సంగీతం నేర్చుకోలేదు. రేడియో వింటూ పట్టుకున్న కీర్తనలు మాత్రం ముప్పైకి పైగా ఉన్నాయి. ఆ వారంలో అవన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుని పాడింది. మనవరాలు ఫోన్లో రికార్డు చేసింది. కుడి పేజీలో ఈ పద్దు నేను రాయలేదు, ఆవిడ చేత రాయించాను.

ఇక వాన చూడని దిమ్మలు రెండు. ఒకటి ఫిబ్రవరి 7న వచ్చిన 'తండేల్'. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు గుజరాత్ తీరంలో వేటకు వెళ్ళి, 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళకు చిక్కి, పద్నాలుగు నెలలు చెరలో ఉండి 2020 జనవరిలో తిరిగొచ్చిన సంగతి దానికి ఆధారం. మా ఉత్తరాంధ్ర యాస సినిమాల్లో చాలాకాలం నవ్వించడానికే వచ్చేది. ఇక్కడ నాయకుడు ఆ యాసలో ప్రేమిస్తాడు, నాయిక ఆ యాసలో కోపగిస్తుంది, ఎదురుచూస్తుంది. నాగచైతన్య గారు, సాయిపల్లవి గారు ఆ మాటను గౌరవంగా పలికారు. సినిమా చూశాక ఒక పెళ్ళికి పూడిమడక వెళ్ళాను. మా జిల్లా తీరంలో పెద్ద మత్స్యకార గ్రామం. గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళొచ్చిన పెద్దాయన ఒకరు పక్కన కూర్చుని, అక్కడి బోట్ల మీద నెలల తరబడి ఎలా ఉంటారో చెప్పారు. ఇంటి దగ్గర సముద్రం ఉండగా వెయ్యి మైళ్ళ అవతలి సముద్రానికి ఎందుకు పోతారని అడిగాను. "ఇక్కడ అలుంది బాబూ, అక్కడ జీతముంది" అన్నారు. నేను విన్న మాటల్లో ఆ ఏడాది మాట అదే.

రెండోది 'కోర్ట్'. మార్చి 14న వచ్చింది. విశాఖపట్నంలో జరిగే కథ. పంతొమ్మిదేళ్ళ బీద కుర్రాడు ఒక పెద్దింటి పిల్లను ప్రేమించి పోక్సో కేసులో ఇరుక్కుంటాడు. చట్టం ఏం చెబుతోందో చదవకుండానే అతని చుట్టూ ఉన్నవాళ్ళు భయపడిపోతారు. దర్శకుడు రామ్ జగదీశ్ గారు ఆ భయాన్ని బాగా పట్టుకున్నారు. ఇంటికొచ్చి నేను తీసింది రావిశాస్త్రి గారి 'ఆరు సారా కథలు'. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి స్వగ్రామం మా తుమ్మపాలే. విశాఖలో వకీలుగా ఉంటూ, మద్యనిషేధం రోజుల్లో కోర్టు బోనెక్కిన బీదవాళ్ళను కళ్ళారా చూసి రాశారు. అరవై ఏళ్ళ తేడాతో ఒకే జిల్లా కోర్టు మెట్లు, ఒకే రకం భయం. సినిమాలో వకీలు గెలుస్తాడు. రావిశాస్త్రి గారి లోకంలో అలాంటి గెలుపులు అరుదు. రెండూ పక్కపక్కన ఉంచుకుంటేనే నిజం పూర్తవుతుందని నాకు తోచింది. ఈ రెండు సినిమాలూ నిలుస్తాయో నీరుకారుతాయో వచ్చే కొత్త అమావాస్యకు చెబుతాను.

ఇప్పుడు రెండు పేజీలూ పక్కన పెట్టుకుంటే నాకు కనబడింది ఇది. ఏడో పద్దు ఎడమవైపు లేనేలేదు కాబట్టి, 114లో 108 పద్దులు కుడివైపుకి రాలేదు. వాటిలో మంచివి లేకపోలేదు. వేల కోట్ల వసూళ్ళ సంగతి విన్నవి ఉన్నాయి. నేను చప్పట్లు కొట్టినవి ఉన్నాయి. చూశాను, బాగుందనుకున్నాను, అక్కడితో ఊరుకున్నాను. మిగిలిన ఏడింటి తర్వాత మాత్రం నేను ఏదో ఒక పని చేశాను. పత్రిక పైకి చదివాను. భారతం తెరిచాను. పాత ఆవర్జా దించాను. నిఘంటువు వెతికాను. స్నేహితుడికి ఫోన్ చేశాను. మిల్లు దాకా సైకిల్ తొక్కాను. ఇంటావిడ పాట విన్నాను.

చెరకు రసం గానుగ నుంచి వస్తుంది. అది అలాగే ఉంచితే సాయంత్రానికి పులిసిపోతుంది. పెనం మీద పోసి, మంట చూసుకుంటూ, తెట్టు తీసుకుంటూ, దగ్గరుండి కాస్తేనే బెల్లం. సినిమా తీసినవాళ్ళు, పాట కట్టినవాళ్ళు, పుస్తకం రాసినవాళ్ళు మనకిచ్చేది రసం. తియ్యగానే ఉంటుంది. పాకం పట్టాల్సింది మనం. రసం వాళ్ళది, పాకం మనది.

ఈ రోజుల్లో రసానికి కరువు లేదు. చేతిలో ఫోన్ ఉంటే దేశదేశాల సినిమాలు, పాటలు. మన ప్రసార భారతి కూడా 2024 నవంబరులో 'వేవ్స్' పేరుతో సొంత వేదిక తెచ్చింది. ఒకటి అవగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. కాచుకునే తీరిక ఎవరూ ఇవ్వరు, మనమే తీసుకోవాలి. ఒక మంచి సినిమా చూశాక ఆ రాత్రికి ఇంకేదీ చూడకండి. దాని గురించి ఇంట్లో ఒకరితో మాట్లాడండి. ఒక పాట నచ్చితే రాసినవారెవరో, బాణీ కట్టినవారెవరో తెలుసుకోండి. వాళ్ళలో ఒకరు మీ పక్క వీధి మనిషే కావచ్చు.

2025 ఉగాదికి మొదలైన ఏడాది పేరు విశ్వావసు. విశ్వావసువు గంధర్వుడు. సరస్వతి వీణ కచ్ఛపి, నారదుడిది మహతి, విశ్వావసువు వీణ పేరు బృహతి అని పెద్దలు చెబుతారు. పేరులోనే సంగీతం ఉన్న ఏడాది అది. పది రూపాయల పుస్తకం ఒకటి కొనండి. ఎడమ పేజీలో చూసినవి, విన్నవి, చదివినవి రాయండి. కుడి పేజీ వచ్చే కొత్త అమావాస్య దాకా ఖాళీగా ఉంచండి. ఇంట్లో రాయడం రానివాళ్ళుంటే వాళ్ళ మాట మీరు రాయండి. పిల్లలుంటే వాళ్ళ చేత రాయించండి. ఏడాది చివర అందరూ కూర్చుని ఆ పేజీ పైకి చదువుకోండి.

నా కొత్త పుస్తకంలో మొదటి పద్దు పడింది. ఉగాది ఉదయం, భక్తిరంజని, గరిమెళ్ళ వారి కీర్తన. ఈసారి మరిచిపోకుండా ఎడమ పేజీలోనే రాశాను.